జబ్బుతో ఉన్న పిల్లల్ని సమ్మర్ క్యాంపుకి పంపేటప్పుడు

నేను పిల్లల క్యాన్సర్ వార్డులో నర్సుని. వేసవిలో ఇలాంటి పిల్లల కోసం పెట్టే క్యాంపుల్లో మందుల గది చూసుకుంటాను. పంపాలా వద్దా అని అమ్మానాన్నలు చాలా టెన్షన్ పడతారు. చికిత్స చేసే డాక్టర్ సరేనంటే పంపమనే చెప్తాను.

నటుడు పాల్ న్యూమన్ 1988లో అమెరికాలోని కనెక్టికట్‌లో ఇలాంటి క్యాంపు మొదలుపెట్టాడు. వైద్యం అందుబాటులో ఉంటూనే పిల్లలు హాయిగా ఆడుకునే చోటు అది. మీరు చూస్తున్న క్యాంపు వాళ్లనీ అడగండి: రాత్రుళ్లు డాక్టరో నర్సో అక్కడే ఉంటారా? పెద్దాసుపత్రి ఎంత దూరం? జ్వరమొస్తే ఏం చేస్తారు? ఈ చివరి ప్రశ్న దగ్గర తడబడితే మాత్రం పంపకండి. కీమో నడుస్తున్న పిల్లలకు 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారెన్‌హీట్ జ్వరమొచ్చినా అత్యవసరమే. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి, న్యూట్రోఫిల్స్ (ఇన్ఫెక్షన్‌తో పోరాడే తెల్ల రక్తకణాలు) తక్కువుంటే గంటలోపు యాంటీబయాటిక్ పడాలి.

క్యాంపు ఫారంలో మందుల పేర్లు, డోసులు డాక్టర్ రాసిస్తారు. మిగతాది మీరే రాయాలి, నాకు ఎక్కువ పనికొచ్చేదీ అదే. మీ పాప మాత్ర పెరుగులో కలిపితే మింగుతుందా? పోర్ట్‌లో (మందులెక్కించడానికి చర్మం కింద పెట్టే చిన్న పరికరం) సూది గుచ్చేటప్పుడు చూస్తానంటుందా, మొహం తిప్పుకుంటుందా? నొప్పి ఉంటే చెప్తుందా, ఊరికే ముడుచుకుని పడుకుంటుందా? ఒక తల్లి, "మాత్ర ఇచ్చి అటు తిరగండి, చూస్తుంటే మింగడు" అని రాసింది. ఆ బాబుతో ఒక్కరోజు కూడా గొడవ లేకుండా మందులు వేయించగలిగాం. రాత్రి పక్క తడపడం లాంటివి కూడా రాయండి. మాకు ముందే తెలిస్తే మిగతా పిల్లలకు తెలియకుండా చూసుకుంటాం.

మందులెక్కించే హిక్‌మన్ లైను అనే గొట్టం ఛాతీ దగ్గర బయటికి ఉంటే మామూలుగా ఈతకు దింపరు. పోర్ట్ అయితే, సూది లేకుండా గాయం మానిపోయి ఉంటే డాక్టర్‌ని అడిగి దింపొచ్చు. ఏదైనా సరే పిల్లలకు ఇంట్లోనే చెప్పండి, నీళ్ల దగ్గరికెళ్లాక వద్దంటే వాళ్ల మనసు విరిగిపోతుంది. మెథోట్రెక్సేట్, కోట్రిమాక్సజోల్ అనే మందులు వాడేవాళ్ల చర్మం ఎండకు త్వరగా కందిపోతుంది, ఫుల్ చేతుల చొక్కాలు, టోపీ పెట్టండి. సికిల్ సెల్ అనే రక్తజబ్బు ఉన్న పిల్లలకు చన్నీళ్లతో నొప్పులు మొదలవ్వొచ్చు. రక్తం సరిగా గడ్డకట్టని హీమోఫీలియా ఉంటే, గడ్డకట్టడానికి ఇచ్చే ఫ్యాక్టర్ ఇంజెక్షన్ వెంట పంపాలి, ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ ఇవ్వొద్దని ఫారం మీద పెద్దక్షరాలతో రాయాలి.

వెళ్లే ముందు మూడు వారాల్లో ఇంట్లోగానీ స్కూల్లోగానీ ఎవరికైనా ఆటలమ్మ, తట్టు వచ్చి ఉంటే దయచేసి దాచకండి. క్యాంపు పోతుందేమోనన్న భయం నాకు అర్థమవుతుంది. కానీ అక్కడున్న మిగతా పిల్లలకు అది ప్రాణాల మీదికి రావచ్చు.

అన్నదమ్ముల్ని, అక్కచెల్లెళ్లని కూడా తీసుకునే క్యాంపులున్నాయి, తప్పకుండా అడగండి. ఆసుపత్రి చుట్టూ ఇల్లంతా తిరుగుతున్నన్నాళ్లూ వాళ్లు అడగాల్సినవి అడగకుండా మానేసి ఉంటారు.