ఇంటి గదిలో ధ్వనిముద్రణ – నాలుగవ పాఠం: మూడు ప్యాటర్న్‌ల మైకును ఎంచుకోవడం

గత పాఠంలో మైకు శబ్దాన్ని కంప్యూటర్‌లోకి చేర్చే ఇంటర్‌ఫేస్ గురించి, విద్యుత్తు అందితేనే పనిచేసే కండెన్సర్ మైకుకు అది తీగ గుండానే అందించే 48 వోల్టుల ఫాంటమ్ పవర్ గురించి తెలుసుకున్నాం. ఇప్పుడు మైకు కొనాలి. అయితే మైకు కంటే ముందు చూడవలసింది మీ గదిని. కడప, కర్నూలు ప్రాంతాల ఇళ్ళలో నేలకు కడప బండలు గాని బేతంచెర్ల బండలు గాని పరచడం మామూలే. పైన స్లాబు, కింద నున్నటి రాయి ఉన్న ఖాళీ గదిలో ఒకసారి చప్పట్లు కొట్టి వినండి. మైకు ఏ దిక్కు శబ్దాన్ని ఎంత తీసుకుంటుందన్న తీరునే ప్యాటర్న్ అంటారు. ఆ మారుమోతను ఏ ప్యాటర్న్ ఎంత పట్టుకుంటుందన్న దాని మీదే ఈ ఎంపిక చాలావరకు ఆధారపడుతుంది.

స్విచ్ తిప్పి మూడు ప్యాటర్న్‌లలో ఒకదాన్ని ఎంచుకునే మైకుల్లో ఎక్కువ వాటిలో, శబ్దాన్ని పట్టే భాగమైన ఒకే క్యాప్సూల్‌కు ముందొకటి, వెనకొకటి చొప్పున రెండు పలుచని పొరలు ఉంటాయి. ముందు పొర ఒక్కటే పనిచేస్తే ఎదుటి శబ్దాన్ని ఎక్కువగా, వెనుక శబ్దాన్ని అతి తక్కువగా తీసుకునే కార్డియాయిడ్ వస్తుంది. రెండూ సమానంగా కలిస్తే అన్ని దిక్కులా వినే ఓమ్ని, ముందుదానిలోంచి వెనుకదాన్ని తీసివేస్తే ముందూ వెనుకా విని పక్కలను వదిలేసే ఫిగర్-ఎయిట్ వస్తాయి. 1967లో వచ్చిన పేరున్న స్టూడియో మైకు నాయ్‌మన్ యు87లో ఉన్నవీ ఈ మూడే. రెండు పొరలూ సరిజోడుగా కుదరకపోతే కార్డియాయిడ్ బాగానే ఉన్నా ఫిగర్-ఎయిట్ చెడిపోతుంది, చవక మైకుల్లో ముందు అనుమానించవలసింది దీన్నే.

రాతి నేల గదిలో ఓమ్ని అంతగా ఉపయోగపడదు. ఓమ్నిని ఒక అడుగు దూరంలో పెడితే ఎంత మారుమోత వినిపిస్తుందో, కార్డియాయిడ్‌నో ఫిగర్-ఎయిట్‌నో సుమారు 1.7 అడుగుల దూరంలో పెట్టినా అంతే వినిపిస్తుంది. చెక్కభజన బృందాన్ని గుడి ముంగిట, ఆరుబయట, చుట్టూ నిలబెట్టి ఒకే మైకుతో ముద్రించాలంటే మాత్రం ఓమ్నియే తగినది. చెక్కల మోత గట్టిగా ఉంటుంది కనుక శబ్దాన్ని 10 డెసిబెల్‌లు తగ్గించే ప్యాడ్ స్విచ్ కూడా అక్కడ అక్కరకు వస్తుంది.

నా దృష్టిలో అదనపు డబ్బుకు అసలు ఫలితం ఫిగర్-ఎయిట్. అది పక్కలను వదిలేస్తుందని అనగానే చాలామంది కుడి ఎడమలనే తలుస్తారు గాని, మైకును నిటారుగా నిలిపినప్పుడు పైనా కిందా కూడా అది దాదాపు వినదు. అంటే మైకుకు నేరుగా పైనున్న ఫ్యాను రొదా, నేరుగా కింద బండ మీంచి లేచే ప్రతిధ్వనీ బాగా తగ్గుతాయి. అదే దిక్కులో కార్డియాయిడ్ 6 డెసిబెల్‌లు మాత్రమే తగ్గిస్తుంది. ఊళ్ళో పెద్దాయనను ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడించి ముద్రించడానికి కూడా, మధ్యలో ఉంచిన ఈ ఒక్క మైకు చాలు. అయితే వెనుక గోడకు దగ్గరగా పెట్టకూడదు, ఎందుకంటే ఆ గోడ ప్రతిధ్వనిని ఇది ఎదుటి గొంతుతో సమానంగా తీసుకుంటుంది. నోటికి మరీ దగ్గరగా ఉంటే గొంతులోని అడుగు స్థాయి ఉబ్బడం కూడా ఈ ప్యాటర్న్‌లోనే ఎక్కువ కాబట్టి, 80 హెర్ట్జ్‌ల దగ్గర లో-కట్ స్విచ్ (అడుగు స్థాయి శబ్దాన్ని తగ్గించేది) ఉన్న మైకును చూసుకోండి.

మీరు ముద్రించేది ఎప్పుడూ ఒక్క గొంతునే అయితే మూడు ప్యాటర్న్‌లు దండగ. రోడ్ సంస్థ ఎన్‌టి1-ఏ కార్డియాయిడ్ మాత్రమే. దాని సొంత రొద, అంటే ఏ శబ్దమూ లేనప్పుడు కూడా మైకు తనంతట తాను చేసే సన్నని సొద, 5 డెసిబెల్‌లు. అదే సంస్థ మూడు ప్యాటర్న్‌లతో ఎక్కువ ధరకు అమ్మే ఎన్‌టి2-ఏ రొద 7. ఆడియో-టెక్నికా ఏటీ2050లో అది 17. దగ్గరి గొంతుకు ఇది చాలు, దూరం నుంచి వీణను ముద్రించాలంటే వెలితిగా తోస్తుంది.

అంగడిలో పరీక్షించేటప్పుడు హెడ్‌ఫోన్లు మీవే తీసుకెళ్ళండి. ఫిగర్-ఎయిట్‌కు మార్చి, స్విచ్ తిప్పాక కొన్ని క్షణాలు ఆగి, జానెడు దూరంలో ఒకే వాక్యాన్ని ముందు నుంచీ వెనుక నుంచీ చదివి రికార్డు చేయండి. రెండు గొంతుల్లో స్పష్టమైన తేడా వినిపిస్తే ఆ మైకును వదిలేయండి. తరువాత పక్క నుంచి చదవండి. గది మోత వల్ల పూర్తి నిశ్శబ్దం రాదు గాని, గొంతు బాగా సన్నగిల్లాలి.

వచ్చే పాఠానికి ముందు మీ గదిలో ఫ్యాను, కిటికీ, బీరువా, ఖాళీ గోడ ఎక్కడెక్కడ ఉన్నాయో కాగితం మీద గీసి ఉంచుకోండి. మైకును ఎక్కడ, ఎంత ఎత్తులో నిలపాలో ఆ పటం మీదే నిర్ణయిద్దాం.