డివిడెండ్ ఈల్డ్ ఎంతో కాదు, ఎలా వచ్చిందో చూడండి

ఒడిశాలోని దామన్‌జోడిలో అల్యూమినియం సంస్థ నాల్కో, రాయగడ దగ్గర జేకే పేపర్, లంజిగడ్‌లో వేదాంత. మూడూ స్టాక్ మార్కెట్లో ఉన్న కంపెనీలే. కొరాపుట్, రాయగడ వైపు కొత్తగా డీమ్యాట్ (షేర్లు దాచే ఖాతా) తెరిచినవాళ్ల కళ్లు ముందు వీటిమీద పడడం సహజం. ఫ్యాక్టరీ తెలిసినంత మాత్రాన దాని డివిడెండ్, అంటే షేరుదారులకు పంచే డబ్బు, తెలిసినట్టు కాదు. యాప్‌లో కనిపించే ఈల్డ్ శాతం (షేరు ధరలో డివిడెండ్ ఎంత శాతమో) చూసి కొనేయడం అంతకన్నా ప్రమాదం.

ముందు బీఎస్ఈ (బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజ్) సైట్‌లో కంపెనీ పేరు కొట్టి, కార్పొరేట్ యాక్షన్స్ పేజీ తెరవండి. నాల్కో కోడ్ 532234. ఎక్స్ డేట్ (ఆ రోజు నుంచి కొన్నవారికి ఆ డివిడెండ్ రాదు), షేరుకు ఎన్ని రూపాయలు, మధ్యంతరమా తుదా అన్నవి కనీసం ఏడెనిమిదేళ్లవి ఒక కాగితం మీద రాసుకోండి. యాప్‌లోని గ్రాఫ్ చాలదు. ఒకసారికే ఇచ్చిన ప్రత్యేక డివిడెండ్ కూడా అందులో మామూలుదానిలాగే కనిపిస్తుంది.

రాసుకునేటప్పుడు మూడుచోట్ల లెక్క తప్పుతుంది. ఒకటి, శాతం. "100 శాతం డివిడెండ్" అంటే మార్కెట్ ధర మీద కాదు, ముఖ విలువ (షేరుకు కంపెనీ పెట్టిన మూల విలువ) మీద. నాల్కో షేరు ముఖ విలువ 5 రూపాయలు, కాబట్టి 100 శాతమంటే 5 రూపాయలే. వేదాంతది 1 రూపాయి, అక్కడ అదే 100 శాతానికి ఒక్క రూపాయి వస్తుంది. రెండోది ఆర్థిక సంవత్సరం. తుది డివిడెండ్‌కు వార్షిక సర్వసభ్య సమావేశం ఆమోదం కావాలి, అందుకే ఆ డబ్బు ఏడాది ముగిశాక నెలలకు గానీ రాదు. 2025 సెప్టెంబరులో అందిన తుది డివిడెండ్‌ను 2024-25 లెక్కలోనే కలపాలి. మూడోది బోనస్ (ఉచితంగా ఇచ్చే అదనపు షేర్లు), స్ప్లిట్ (ఒక షేరును చిన్న షేర్లుగా విడగొట్టడం). ఒకటికి ఒకటి బోనస్ ఇచ్చాక పాత 10 రూపాయలను 5గా దించి పోల్చకపోతే, కంపెనీ డివిడెండ్ సగానికి కోసేసిందనిపిస్తుంది.

ఈల్డ్ కట్టడం తేలికే: గత 12 నెలల డివిడెండ్‌ను ఇవాళ్టి ధరతో భాగించి వందతో గుణించండి. ఉదాహరణకు 200 రూపాయల షేరుకు 8 రూపాయలొస్తే 4 శాతం. ధర 125కి పడితే అదే 8 రూపాయలు 6.4 శాతమవుతుంది. కంపెనీ ఒక్క పైసా ఎక్కువ ఇవ్వలేదు, షేరు పడిందంతే. ఎందుకు పడిందో తేలకుండా ఈల్డ్ పెరిగిందని సంబరపడకూడదు.

వేదాంతనే చూడండి. 2022-23లో ఐదు విడతల్లో షేరుకు 101.50 రూపాయలిచ్చింది. అప్పటి ధరతో ఈల్డ్ 30 శాతం దాటింది. ఆ అంకె చూసి మరుసటి ఏడాదీ అంతే వస్తుందనుకున్నవాళ్లకు 2023-24లో అందింది 29.50.

అందుకే పక్కనే ఇంకో గడి గీసి, షేరుకు వచ్చిన లాభం రాయండి. డివిడెండ్‌ను దానితో భాగిస్తే లాభంలో ఎంత పంచుతున్నారో తెలుస్తుంది. ఇది వరసగా వంద శాతం దాటుతుంటే నిల్వల నుంచో అప్పు తెచ్చో ఇస్తున్నారని అనుమానించాలి. నాల్కో లాంటి కేంద్ర ప్రభుత్వ సంస్థలు నికర లాభంలో 30 శాతం, నికర విలువలో (ఆస్తుల నుంచి అప్పులు తీసేస్తే మిగిలేది) 4 శాతం, వీటిలో ఏది ఎక్కువైతే కనీసం అంత పంచాలని కేంద్రం నిబంధన పెట్టింది. అయినా లండన్ లోహాల మార్కెట్లో అల్యూమినియం ధర పడితే లాభమూ దాని వెంటే డివిడెండూ తగ్గొచ్చు. ఇలాంటి సరుకుల కంపెనీలకు ఒక్క మంచి ఏడాదిది కాదు, చెడ్డ ఏడాదినీ కలిపి సగటు చూడాలి.

డివిడెండ్ కావాలంటే ఎక్స్ డేట్‌కు ముందటి ట్రేడింగ్ రోజుకల్లా కొని ఉండాలి. ఎక్స్ డేట్ రోజునే కొంటే రాదు. దానికోసమే ముందురోజు కొనడంలోనూ లాభం లేదు. ఎక్స్ డేట్ నాడు ధర దాదాపు అంత మేర దిగుతుంది, వచ్చిన డివిడెండ్ మీద పన్ను మాత్రం మీరు కట్టాలి. 2020 ఏప్రిల్ నుంచి డివిడెండ్ మీ ఆదాయంలో కలుస్తుంది. 20 శాతం శ్లాబులో ఉన్నవారికి 4 శాతం ఈల్డ్, సెస్సు వదిలేసినా, చేతికి 3.2 శాతమే. 2025-26 నుంచి ఒక కంపెనీ ఏడాదిలో 10,000 రూపాయలకు మించి ఇస్తే 10 శాతం టీడీఎస్ (ముందే పట్టుకునే పన్ను) కోస్తుంది. పాన్ ఇవ్వకపోతే 20 శాతం.

బరంపురం, పర్లాకిమిడి వైపు ఆంధ్రా బ్యాంకు ఖాతాలున్నవాళ్లు ఒక పని చేయాలి. ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. డీమ్యాట్‌లో ఇంకా పాత ఐఎఫ్ఎస్‌సీ కోడే ఉంటే డబ్బు జమ కాక తిరిగిపోవచ్చు. ప్రకటించిన 30 రోజుల్లో డివిడెండ్ అందాలి. అందకపోతే కంపెనీ రిజిస్ట్రార్‌కు (దాని షేరుదారుల లెక్కలు చూసే సంస్థ) రాయండి. వరసగా ఏడేళ్లు తీసుకోకపోతే ఆ డబ్బుతోపాటు షేర్లు కూడా కేంద్రం నడిపే ఐఈపీఎఫ్ నిధికి వెళ్తాయి. వెనక్కి తెచ్చుకోవడానికి ఐఈపీఎఫ్-5 ఫారం ఉంది గానీ పాన్, ఆధార్, డీమ్యాట్‌లలో పేరు ఒకేలా ఉండాలి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక ఉన్నవాళ్లు అది ఇప్పుడే సరిచేయించుకోండి.