మన జట్టు లేని ఫైనల్లో చిన్న దేశం వైపు నిలబడటం ఎలా?

ఒలింపిక్స్ వస్తే మనవాళ్ల ఈవెంట్ అయిపోగానే టీవీ కట్టేస్తాం, ఫుట్‌బాల్ ప్రపంచ కప్ వస్తే హనుమకొండలో కూడా అర్జెంటీనా, బ్రెజిల్ జెర్సీలే కనిపిస్తాయి. ఎప్పుడూ గెలిచేవాళ్లు మళ్లీ గెలిస్తే అందులో మజా ఏముంది? మనకు సంబంధం లేని ఫైనల్ని కూడా గొంతు పోయేలా అరుస్తూ చూడాలంటే బరిలో ఉన్న అతి చిన్న దేశాన్ని పట్టుకోండి. ఎలా పట్టుకోవాలో చెప్తాను.

ముందు పతకాల పట్టిక మూసేయండి, అది అమెరికా, చైనా చూసుకుని మురిసిపోయే లెక్క. దేశం జనాభా వెతికి, దాన్ని మన ఊళ్ల లెక్కలోకి మార్చుకోండి. లక్షా ఎనభై వేలు అంటే బుర్రకెక్కదు, కరీంనగర్ పట్టణం కన్నా చిన్నది అంటే ఎక్కుతుంది. కరీబియన్ దీవి సెయింట్ లూసియా అంతే. 2024 పారిస్‌లో ఆ దేశపు అమ్మాయి జూలియన్ ఆల్‌ఫ్రెడ్ వంద మీటర్లు 10.72 సెకన్లలో పరిగెత్తి బంగారం కొట్టింది, ఆ దేశానికి వచ్చిన మొట్టమొదటి ఒలింపిక్ పతకమే అది. బెర్ముడా ఇంకా చిన్నది, 64 వేల చిల్లర. టోక్యోలో ఫ్లోరా డఫీ ట్రయథ్లాన్‌లో స్వర్ణం గెలిచింది. మేడారం జాతరలో ఒక్క రోజు వచ్చే జనంలో ఎన్ని బెర్ముడాలు పడతాయో మీరే చూసుకోండి.

ఈ లెక్క ఎందుకంటే, చోటు చిన్నదైన కొద్దీ గెలిచిన మనిషి తెలిసిన మనిషి అవుతుంది. మనకిది కొత్తేం కాదు. పర్వతగిరి మండలం కల్లెడ అమ్మాయి జీవాంజి దీప్తి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల టీ20 విభాగంలో (క్రికెట్ టీ20 కాదు, మేధో వైకల్యం ఉన్నవాళ్ల పరుగు విభాగం) కాంస్యం తెచ్చినప్పుడు హైదరాబాద్‌లో అది మంచి వార్త, అంతే. కల్లెడ చుట్టుపక్కల మాత్రం అది 'మా పక్కూరి పిల్ల'. 2022లో నిఖత్ జరీన్ ఇస్తాంబుల్‌లో ప్రపంచ ఛాంపియన్ అయినప్పుడు నిజామాబాద్‌కూ అంతే. ఆ పక్కూరి సంబరం ఒక దేశం ఈ చివర నుంచి ఆ చివర దాకా ఉంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి, చిన్న దేశం గెలుపంటే అదే. 2016 యూరో కప్‌లో ఇంగ్లండ్‌ని 2-1తో ఇంటికి పంపిన ఐస్‌లాండ్ గోల్‌కీపర్ హాల్డోర్సన్ సినిమాలు తీసే మనిషి, ఇద్దరు కోచ్‌లలో ఒకాయన పళ్ల డాక్టర్. మూడు లక్షల చిల్లర జనంలో ఆయన దగ్గర పన్ను పీకించుకున్నవాళ్లు కూడా ఆ మ్యాచ్ చూస్తూ ఉండే ఉంటారు.

తర్వాత చూడాల్సింది, అది ఎన్నో గెలుపు అని. మొదటిదైతే ఆ ఫైనల్ వదలొద్దు. 2012 లండన్‌లో కిరానీ జేమ్స్ 400 మీటర్లలో గెలిస్తే లక్ష పైచిలుకు జనం ఉన్న గ్రెనడాలో అదే తొలి పతకం, ప్రధాని సగం రోజు సెలవిచ్చేశాడు. 2024లో లెట్సిలే టెబోగో 200 మీటర్లు 19.46 సెకన్లలో ముగించి బోట్స్వానాకు తొలి స్వర్ణం తెస్తే అక్కడా మధ్యాహ్నం నుంచి సెలవు. ఇక్కడ పారిస్‌లో మనకు ఆరు పతకాలొచ్చాయి, ఎవరెవరివో ఫోన్ చూడకుండా చెప్పగలిగితే మీకు దండం. గ్రెనడాలో ఆ ప్రశ్న అడిగితే నవ్వుతారు.

క్రికెట్ మాత్రమే తెలిసినవాళ్లకు సులువైన దారి వెస్టిండీస్. అది ఒక దేశం కాదు, చిన్న చిన్న దేశాల ఉమ్మడి జట్టు అని తెలిసినా మనం పట్టించుకోం. సన్‌రైజర్స్‌కు ఆడిన డారెన్ సామీది సెయింట్ లూసియా. 2016లో కోల్‌కతాలో టీ20 ప్రపంచ కప్ ఎత్తినప్పుడు అతని వెనక ఎగిరింది జట్టు జెండా, సెయింట్ లూసియా జెండా కాదు. ఒలింపిక్స్‌లో మాత్రం ఎవరి జెండా వాళ్లదే. అందుకే పోడియం ఎక్కేటప్పుడు ఛానల్ మార్చకండి. ఆ జాతీయగీతం ఒలింపిక్స్‌లో తొలిసారి మోగుతోందంటే, నా లెక్కలో రేసు కన్నా అదే పెద్ద ఈవెంట్. కొసావోకి 2016 రియో తొలి ఒలింపిక్స్, చాలా దేశాలు దాన్ని దేశంగానే గుర్తించలేదు (మనమూ గుర్తించలేదు). అలాంటిది మైలిండా కెల్మెండీ జూడోలో బంగారం గెలిస్తే ఆ గీతం వినక తప్పలేదు అందరికీ.

ఇక ఆ ఏడాది ఆ దేశంలో ఏం జరిగిందో ఒక్క పది నిమిషాలు చదవండి, అసలు విషయం అక్కడ దొరుకుతుంది. ఫిజీనే తీసుకోండి. 2016 ఫిబ్రవరిలో విన్‌స్టన్ తుఫాను 44 మందిని పొట్టన పెట్టుకుంది, ఊళ్లకు ఊళ్లు పైకప్పులు లేకుండా పోయాయి. ఆరు నెలలు తిరక్కుండానే రియోలో ఏడుగురి రగ్బీ ఫైనల్లో బ్రిటన్‌ని 43-7తో చితక్కొట్టారు, ఒకప్పుడు తమని ఏలిన దేశాన్నే. అదే వాళ్ల తొలి ఒలింపిక్ పతకం. సెలవుతో ఆగలేదు, మరుసటి ఏడాది ఆ జట్టు బొమ్మతో ఏడు డాలర్ల నోటు అచ్చేశారు! అన్నట్టు 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా చెరకు తోటల కూలికి వెళ్లిన తెలుగువాళ్ల వారసులు కూడా ఆ దేశంలో ఉన్నారు, కాబట్టి ఫిజీ వైపు అరవడానికి మనకు ఇంకో సాకు కూడా ఉంది. మన పక్కనున్న శ్రీలంక 1996 క్రికెట్ ప్రపంచ కప్ గెలుపు కూడా ఇలాగే చదవాలి. జనవరి చివర్లో కొలంబో సెంట్రల్ బ్యాంక్ దగ్గర బాంబు పేలింది, ఆస్ట్రేలియా, వెస్టిండీస్ అక్కడికొచ్చి ఆడబోమన్నాయి, మార్చిలో లాహోర్ ఫైనల్లో అదే ఆస్ట్రేలియాపై అరవింద డిసిల్వా సెంచరీ కొట్టాడు.

అన్ని చిన్న దేశాలూ ఒకటి కాదు, ఇది గుర్తుంచుకోండి. నార్వే జనాభా తక్కువే కానీ డబ్బు, మంచు, కోచ్‌లు అన్నీ ఉన్నాయి, వాళ్లకు పతకం అలవాటే. బయటి ఆటగాళ్లకు పౌరసత్వమిచ్చి ఆడించే ధనిక దేశాల గెలుపు నాకంత ఎక్కదు. అలాగని బయట పుట్టారు, బయట శిక్షణ పొందారు అని అందర్నీ కొట్టిపారేయకండి. 2026 ఫుట్‌బాల్ ప్రపంచ కప్‌కి అర్హత సాధించిన కరీబియన్ దీవి కురసావ్ జట్టులో ఎక్కువమంది నెదర్లాండ్స్‌లో పుట్టినవాళ్లే, వలసపోయిన ఇళ్ల పిల్లలు. ఆల్‌ఫ్రెడ్ పద్నాలుగేళ్లకే జమైకా వెళ్లి చదువుకుంది, తర్వాత టెక్సాస్. గెలిచాక ఆమె అడిగిందేంటంటే, ఈ పతకంతోనైనా మా దేశంలో మంచి స్టేడియం కట్టండి అని. 2021లో జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ జరిగిన మన హనుమకొండ జేఎన్ఎస్‌లో (జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో) పొద్దున్నే వాకింగ్ చేసేవాళ్లు ఈ మాట ఒకసారి ఆలోచించాలి.

పాపం చిన్న దేశం అనే జాలి మాత్రం వద్దు. టెబోగో గెలిచింది వంద మీటర్ల ఛాంపియన్, అమెరికా నోవా లైల్స్ ఉన్న రేసులో, ఎవరూ దయతలచి ఇవ్వలేదు.

2028 ఒలింపిక్స్ లాస్ ఏంజెలెస్‌లో. అక్కడ సాయంత్రం ఆరంటే మనకు మరునాడు పొద్దున ఆరున్నర, అంటే చాయ్ తాగుతూ ఫైనల్స్ చూడొచ్చు. అలారం మాత్రం హీట్స్‌కి (తొలి రౌండ్లకి) కూడా పెట్టుకోండి, చిన్న దేశాలవాళ్లలో చాలామంది అక్కడే ఇంటికి వెళ్లిపోతారు, ఫైనల్ కోసం ఆగితే వాళ్లు మీకు కనబడరు.