పాత కంప్యూటర్ బయాస్‌లో చెయ్యి పెట్టే ముందు

బయాస్ అంటే కంప్యూటర్ ఆన్ కాగానే విండోస్ కంటే ముందు నడిచే ప్రోగ్రాం. మే నెలలో బెజవాడలో దాని సెట్టింగులు మార్చే పనికి మధ్యాహ్నం కూర్చోకండి. ఏసీలన్నీ తిరిగే వేళ కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. పొద్దున్నే మొదలుపెట్టండి. ముఖ్యమైన ఫైళ్లు ముందు పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోండి.

సత్యనారాయణపురంలో మా బావగారి కొట్లో పాత డెస్క్‌టాప్ ఉంది. కొత్త హార్డ్ డిస్క్ కనిపించడం లేదని ఆయన బయాస్‌లోకి వెళ్లి ఏవేవో మార్చారు. తర్వాత విండోస్ లోగో దాకా వచ్చి నీలం తెర పడుతోంది. బిల్లులన్నీ అందులోనే ఉన్నాయి, ఇంట్లో అందరికీ టెన్షన్. ఫార్మాట్ చేయించేద్దామన్నారు. "బావగారూ, ముందు అక్కడ ఏముండేది?" అని అడిగితే ఆయనకు గుర్తులేదు. వెళ్లి చూస్తే సాటా మోడ్, అంటే కంప్యూటర్ హార్డ్ డిస్క్‌తో మాట్లాడే పద్ధతి, ఏహెచ్‌సీఐ అనే కొత్త పద్ధతిలో ఉంది. తిరిగి ఐడీఈ అనే పాత పద్ధతికి మార్చగానే విండోస్ వచ్చింది, ఒక్క బిల్లూ పోలేదు. విండోస్ ఏ మోడ్‌లో ఎక్కిందో ఆ డ్రైవర్‌తోనే మొదలవుతుంది. మోడ్ మారితే తన డిస్క్‌నే తను చదవలేదు. నీలం తెర చూసి డిస్క్ పోయిందని ఎవరైనా చెప్తే, దయచేసి వెంటనే నమ్మకండి.

అందుకే ఏదీ తాకకముందే బయాస్‌లో ప్రతి పేజీకీ ఫోన్‌తో ఫోటో తీయండి. ఒకసారికి ఒక్కటే మార్చి, సేవ్ చేసి, ఆన్ చేసి చూడండి. రెండు కలిపి మార్చారంటే తప్పు ఎక్కడుందో తెలియదు. గడియారం మాటిమాటికీ వెనక్కి పోతుంటే మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ, సీఆర్2032, అయిపోయినట్టే. ముందు అది మార్చండి, లేకపోతే మీరు పెట్టిన సెట్టింగ్ నిలవదు. బయాస్ అప్‌డేట్ జోలికి మాత్రం పోవద్దు. మధ్యలో కరెంటు పోతే బోర్డే పనికిరాకుండా పోవచ్చు.

లైనక్స్ వేసిన మెషీన్లకు ఒక సౌకర్యం ఉంది. ఆన్ చేయగానే ఏ సిస్టమ్ కావాలో అడిగే గ్రబ్ మెనూలో 'ఈ' (e) నొక్కి, లైనక్స్ (linux) అని మొదలయ్యే వరుస చివర ఒక ఖాళీ వదిలి, నోమోడ్‌సెట్ (nomodeset) అని ఇంగ్లిష్‌లో ఒకే మాటగా చేర్చి, ఎఫ్10 నొక్కండి. స్క్రీన్ నల్లగా ఆగిపోయే పాత గ్రాఫిక్స్ కార్డులకు తరచుగా ఇది సరిపోతుంది. ఈ మార్పు ఆ ఒక్కసారికే. రీస్టార్ట్ చేస్తే పాత స్థితే వస్తుంది కాబట్టి భయం లేదు. రెండు మూడు రోజులు వాడి చూశాకే శాశ్వతంగా రాయండి.

ఏసీపీఐ, అంటే కరెంటు వాడకాన్ని, షట్‌డౌన్‌ను విండోస్, లైనక్స్ లాంటివి నడిపేందుకు ఉన్న ఏర్పాటు, ఆఫ్ చేయమని చెప్పేవాళ్లుంటారు. దాన్ని చివరికి ఉంచుకోండి. అది ఆఫ్ చేస్తే చాలా మెషీన్లు షట్‌డౌన్ చేసినా వాటంతట అవి ఆగవు, కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఫ్యాను సరిగా తిరగదు. మన ఎండల్లో అది ప్రమాదం. తప్పనిసరైతే పక్కనే కూర్చుని, వేడి గాలి బయటికి వస్తోందో లేదో చేత్తో చూస్తూ ఉండండి.