ఇంజిన్ తడబాటు, తగ్గిన ఏసీ – 5వ పాఠం: గేజ్ ముల్లు గ్యాస్ బరువు చెప్పదు

గత పాఠం చూసి థ్రాటిల్ బాడీ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని ఒక ప్లేట్‌తో అదుపు చేసే భాగం) శుభ్రం చేసినవాళ్లలో చాలామందికి ఒకే ఇబ్బంది ఎదురైంది. తడబాటు తగ్గింది గానీ ఐడ్లింగ్ (యాక్సిలరేటర్ తొక్కనప్పటి ఇంజిన్ వేగం) 1200, 1500 ఆర్‌పీఎం దగ్గర నిలిచిపోయింది. కంగారుపడి థ్రాటిల్ బాడీ మార్చేయకండి. మసి పేరుకున్నప్పుడు ప్లేట్ పక్కనుంచి గాలి తక్కువగా వెళ్లేది, అందుకని ఈసీయూ (ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్) ప్లేట్‌ని కాస్త ఎక్కువ తెరవడానికి అలవాటుపడింది. మసి పోయినా ఆ పాత లెక్క దానిలో అలాగే ఉంది. స్కానర్‌లో థ్రాటిల్ అడాప్టేషన్ (ఆ లెక్కని కొత్తగా నేర్పే పని) ఉంటే చేసేయండి. లేకపోతే సర్వీస్ మాన్యువల్‌లో మీ బండికి చెప్పిన పద్ధతి పాటించండి. చాలా బళ్లలో ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక యాక్సిలరేటర్ ముట్టుకోకుండా ఏసీ లేకుండా కొంతసేపు, ఏసీ వేసి కొంతసేపు ఐడ్లింగ్‌లో ఉంచితే సర్దుకుంటుంది. బ్యాటరీ వైరు పీకడం నాకు నచ్చని దారి. ఈసీయూ నేర్చుకున్న మిగతా లెక్కలు కూడా దానితో చెరిగిపోతాయి.

అప్పటికీ ఐడ్లింగ్ దిగకపోతే చాలావరకు థ్రాటిల్ బాడీ వెనక గాస్కెట్ (గాలి దూరకుండా మధ్యలో పెట్టే పట్టీ) సరిగా కూర్చోలేదు. మ్యాఫ్ సెన్సర్ (లోపలికి వెళ్లే గాలిని కొలిచేది) ఉన్న బండిలో ఐడ్లింగ్‌లో ఫ్యూయల్ ట్రిమ్ (ఈసీయూ ఇంధనాన్ని ఎంత శాతం పెంచిందో, తగ్గించిందో చెప్పే అంకె) ప్లస్ 15 దాకా ఉండి, 2500 ఆర్‌పీఎంలో సున్నా దగ్గరికి దిగితే వాక్యూమ్ లీకే, అంటే కొలతకి అందని గాలి పక్కదారిన లోపలికి పోతోంది. మ్యాప్ సెన్సర్ (గాలి గొట్టంలోని ప్రెషర్‌ని కొలిచేది) మాత్రమే ఉన్న బండిలో ట్రిమ్ అంతగా కదలదు, ఐడ్లింగే పెరుగుతుంది. ఐడ్లింగ్‌లో బాగానే ఉండి లోడ్ పడగానే ప్లస్ పెరుగుతుంటే ఫ్యూయల్ ప్రెషర్ చూడండి.

ఇక ఏసీ వేసినప్పుడు మాత్రమే తడబడుతోందన్నవాళ్ల సంగతి. ఒక మినహాయింపు ముందే చెబుతాను. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు కొన్ని క్షణాలు కంప్రెసర్ (ఏసీ గ్యాస్‌ని నొక్కి పంపే పంపు) ఆగిపోవడం లోపం కాదు, ఈసీయూ కావాలనే ఆపుతుంది. తొక్కకుండానే ఇంజిన్ కుంగుతుంటే కంప్రెసర్ మోయలేనంత బరువు పెడుతోందన్నమాట. అంటే చాలావరకు హై సైడ్ (కంప్రెసర్ నుంచి గ్యాస్ బయటికి వెళ్లే వైపు) ప్రెషర్ పెరిగిపోతోంది. చల్లదనం తగ్గడం, ఇంజిన్ లాగలేకపోవడం రెండూ తరచు ఈ ఒక్క కారణంతోనే వస్తాయి.

చాలామంది పొరపడేది ఇక్కడే. చల్లదనం తగ్గగానే లో సైడ్‌కి (గ్యాస్ కంప్రెసర్‌లోకి తిరిగి వచ్చే వైపు) గ్యాస్ డబ్బా తగిలించి, ముల్లు పచ్చ గీతలోకి వచ్చేదాకా గ్యాస్ ఎక్కించేస్తారు. దయచేసి అలా చేయకండి. ఇంజిన్ ఆపి ఉంచితే రెండు వైపులా ఒకే ప్రెషర్ ఉంటుంది, అది కేవలం ఉష్ణోగ్రతను బట్టి ఉంటుంది. ఆర్ 134ఏ రకం గ్యాస్ అయితే 30 డిగ్రీల దగ్గర సుమారు 97 పీఎస్‌ఐ, 25 డిగ్రీల దగ్గర సుమారు 82. లోపల 500 గ్రాములున్నా, 200 గ్రాములున్నా, కొంత ద్రవం మిగిలి ఉన్నంతవరకు ముల్లు అదే చూపిస్తుంది. వంటగ్యాస్ సిలిండర్ సగానికి వచ్చినా మంట తగ్గనట్టే ఇదీ. కాబట్టి ఆ అంకె చూసి గ్యాస్ నిండుగా ఉందనీ అనలేం, సగమే ఉందనీ అనలేం. బాగా తక్కువ ఉంటే మాత్రం దాదాపు అంతా కారిపోయిందని అర్థం.

ఇంజిన్ నడుస్తున్నప్పుడు లో సైడ్ ఒక్కటే చూసినా మోసపోతాం. కంప్రెసర్ అరిగితే లో సైడ్ పెరుగుతుంది, హై సైడ్ తగ్గుతుంది. ఫ్యాన్ తిరగకపోతే రెండూ పెరుగుతాయి. గ్యాస్ ఎక్కువైనా, లోపల గాలి చేరినా రెండూ పెరుగుతాయి. రెండూ తగ్గితేనే గ్యాస్ తక్కువని అనుమానించాలి. లో సైడ్ వాక్యూమ్‌లోకి (సున్నా కన్నా కిందికి) పోతుంటే ఎక్స్‌పాన్షన్ వాల్వ్ (గ్యాస్‌ని సన్నని దారిలోంచి వదిలి చల్లబరిచే భాగం) దగ్గర అడ్డుపడింది, లేదా తేమ గడ్డకట్టింది. క్లచ్ (కంప్రెసర్‌ని బెల్టు పుల్లీకి కలిపే, విడదీసే అయస్కాంత భాగం) ఉన్న మామూలు కంప్రెసర్‌లో, బయట 30 డిగ్రీలున్నప్పుడు 1500 ఆర్‌పీఎం దగ్గర లో సైడ్ 30–40, హై సైడ్ 180–230 పీఎస్‌ఐ ఉంటే బాగున్నట్టే. పంపే గ్యాస్‌ని తానే పెంచుకుని తగ్గించుకునే వేరియబుల్ కంప్రెసర్‌కి ఈ అంకెలు వాడకండి.

గ్యాస్‌ని తూకంతోనే నింపాలి. బానెట్ కింద స్టిక్కర్‌లో రాసిన గ్రాముల లెక్కే ప్రమాణం. ఉన్నది మెషిన్‌తో వెనక్కి తీసి, 30 నిమిషాలు వాక్యూమ్ పెట్టి (లోపలి గాలి, తేమ లాగేసి), వాక్యూమ్ నిలబడిందని చూశాక, తూచి ఎక్కించాలి. నిలబడకపోతే ముందు లీకు వెతకండి. జాయింట్ దగ్గర జిడ్డు కనిపిస్తే చాలావరకు లీకు అక్కడే. డబ్బాని హై సైడ్‌కి ఎప్పుడూ తగిలించకండి, పగిలిపోతుంది. కళ్లద్దాలు, చేతితొడుగులు లేనిదే గొట్టం విప్పొద్దు.

గేజ్‌కన్నా ముందు నేను వాడమనేది థర్మామీటర్, బకెట్ నీళ్లు. ఆగి ఉన్నప్పుడు చల్లగా రాక, బండి కదలగానే చల్లబడుతుంటే కండెన్సర్‌కి (రేడియేటర్ ముందుండి గ్యాస్ వేడిని బయటికి వదిలే జాలి) గాలి చాలడం లేదు. ఆగి ఉండగానే కండెన్సర్ మీద నెమ్మదిగా నీళ్లు చల్లండి. వెంట్ (బండిలో ఏసీ గాలి వచ్చే రంధ్రం) ఉష్ణోగ్రత వెంటనే దిగి, ఐడ్లింగ్ తేలికైతే ఫ్యాన్, రిలే, రేడియేటర్‌కి కండెన్సర్‌కి మధ్య పేరుకున్న దుమ్ము చూడండి. ఏమీ మారకపోతే అప్పుడు గేజ్ తీయండి.

అరగంట నడిచాక ఏసీ మాయమై, ఇంజిన్ చల్లారాక మళ్లీ వస్తుంటే ఏసీ ఆగి ఉన్నప్పుడే కంప్రెసర్ క్లచ్ కనెక్టర్ దగ్గర వోల్టేజ్ చూడండి. 12 వోల్టులు వస్తున్నా క్లచ్ పట్టకపోతే క్లచ్ గ్యాప్ పెరిగింది లేదా కాయిల్ పోయింది. గ్యాప్ చాలా బళ్లలో 0.3 నుంచి 0.6 మిల్లీమీటర్లు ఉంటుంది, ఫీలర్ గేజ్‌తో కొలవచ్చు. వోల్టేజే రాకపోతే రిలే, ప్రెషర్ సెన్సర్ వైపు వెళ్లండి.

సాధన: ఉదయం చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, మధ్యాహ్నం ఎండలో ఒకసారి, వరుసగా మూడు రోజులు ఈ 6 అంకెలు రాయండి: బయటి ఉష్ణోగ్రత, మధ్య వెంట్ ఉష్ణోగ్రత, ఏసీ లేకుండా ఐడ్లింగ్, ఏసీతో ఐడ్లింగ్, ఏసీ వేసిన క్షణంలో ఆర్‌పీఎం ఎంత కుంగింది, నీళ్లు చల్లాక వెంట్ ఎంత దిగింది. బ్లోయర్ ప్రతిసారీ ఒకే వేగంలో ఉండాలి, తలుపులు మూసి ఉండాలి. ఎగ్జాస్ట్ పొగ చేరే చోటు కాకుండా ఆరుబయట చేయండి. ఈ పట్టిక నిండకుండా ఏ భాగమూ మార్చకండి. 6వ పాఠంలో ప్రెషర్ సెన్సర్ వైర్లను మల్టీమీటర్‌తో చూస్తాం.