మింట్‌లో డి డ్రైవ్ రాయనివ్వట్లేదా, వైఫై కనపడట్లేదా? ముందు విండోస్‌ను నిజంగా ఆపండి

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ఆగిపోయింది. విండోస్ 11 ఎక్కని పాత ల్యాప్‌టాప్‌లో విండోస్‌కు బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ మింట్ వేసుకుందామని చాలామంది అనుకుంటున్నారు, మంచిదే. కానీ విండోస్‌ను పూర్తిగా తీసెయ్యడానికి మనసొప్పదు. ట్యాలీ కోసమో, పాత ప్రింటర్ కోసమో, పేజ్‌మేకర్ ఫైళ్ళ కోసమో దాన్ని పక్కనే ఉంచుకుంటారు. నా దగ్గరికి వచ్చే తలనొప్పుల్లో ఎక్కువ భాగం ఈ రెండు సిస్టమ్‌ల కాపురానివే.

పెన్‌డ్రైవ్ తయారు చెయ్యడం, బయోస్‌లోకి వెళ్ళడం, పార్టిషన్ కొట్టడం మీకు వచ్చనే అనుకుంటున్నాను. నేను చెప్పే మెనూలు మింట్‌లోని సినమన్ డెస్క్‌టాప్‌వి. ఉబుంటు అనే ఇంకో లినక్స్‌లో పేర్లు కాస్త మారతాయి, విషయం ఒకటే.

ఏ సమస్య అయినా సరే, కమాండ్లు కొట్టే టెర్మినల్ తెరవక ముందు ఒక పని చెయ్యండి. విండోస్‌లోకి వెళ్ళి రీస్టార్ట్ నొక్కండి. షట్‌డౌన్ కాదు, రీస్టార్ట్. బూట్ మెనూ రాగానే మింట్ ఎంచుకోండి. ఇప్పుడు సమస్య పోయిందా? అయితే మీ మింట్‌లో ఏ లోపమూ లేదు, కింద మొదటి భాగం చదివితే చాలు. "షట్‌డౌన్ చేసే వచ్చానండీ" అని ప్రతివాళ్ళూ అంటారు. చిక్కంతా ఆ షట్‌డౌన్‌లోనే ఉంది.

లక్షణం: డి డ్రైవ్ తెరుచుకుంటుంది, కానీ ఏమీ రాయనివ్వదు

ఫైళ్ళన్నీ కనిపిస్తాయి, పాటలు పాడతాయి, ఫొటోలు తెరుచుకుంటాయి. కొత్త ఫోల్డర్ చేద్దామని రైట్ క్లిక్ కొడితే ఆ ఆప్షన్ వెలిసిపోయి ఉంటుంది. పేస్ట్ పనిచెయ్యదు. కొన్ని సిస్టమ్‌లలో డ్రైవ్ అసలు మౌంటే కాదు (అంటే సిస్టమ్‌కు జతపడి తెరుచుకోదు), ఎర్రర్ బాక్స్ ఒకటి వస్తుంది. ఇది పర్మిషన్ల గొడవ అనుకుని రూట్‌గా, అంటే అన్ని హక్కులతో, తెరిచి చూస్తారు. అప్పుడూ రాయనివ్వదు.

కారణం ఫాస్ట్ స్టార్టప్. విండోస్ 8 నుంచీ ఉంది, చాలా మిషన్లలో ముందే ఆన్ చేసి వస్తుంది. ఇది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ నొక్కినప్పుడు మీ ప్రోగ్రాములు మూసుకుంటాయి, మీ లాగిన్ ముగుస్తుంది, అంతవరకు నిజమే. కానీ విండోస్ గుండెకాయ లాంటి కెర్నల్, డ్రైవర్లు మూసుకోవు. మెమరీలో అవి ఉన్న స్థితిని ఉన్నట్టుగా సి డ్రైవ్‌లోని హైబర్‌నేషన్ ఫైల్‌లో దాచి, కరెంటు ఆపేస్తుంది. మళ్ళీ ఆన్ చేసినప్పుడు అక్కడి నుంచే అందుకుంటుంది. త్వరగా ఆన్ అవుతోందని మనం మురిసిపోతాం.

డ్రైవ్‌ల సంగతి ఇక్కడే తేడా కొడుతుంది. ఏ ఫైల్ ఎక్కడుందో, ఎంత చోటు ఖాళీగా ఉందో విండోస్ తన దాచిన మెమరీలో గుర్తుపెట్టుకునే ఉంది. షాపు యజమాని ఖాతా పుస్తకం సగంలో ఉండగా షట్టర్ దించి ఇంటికి పోయాడు, రాత్రి వేరేవాడు లోపలికొచ్చి లెక్కలు మార్చాడు, పొద్దున యజమాని తన గుర్తున్న లెక్కనుంచే మొదలుపెట్టాడు అనుకోండి. ఏ ఫైల్ మీద ఏది పడుతుందో దేవుడికే తెలియాలి. ఆ ప్రమాదం తెలుసు కాబట్టే మింట్ "చదువుకో, రాయకు" అంటోంది. అది మీ డేటాను కాపాడుతోంది, దాన్ని తిట్టకండి.

నమ్మకం కలగకపోతే విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్‌లో సీపీయూ కింద అప్ టైమ్ చూడండి. నిన్న రాత్రి షట్‌డౌన్ చేసి పడుకున్న ల్యాప్‌టాప్ కూడా రోజుల తరబడి ఆగకుండా నడుస్తున్నట్టు చూపిస్తుంది. ఒకసారి రీస్టార్ట్ చేసి చూడండి, సున్నా నుంచి మొదలవుతుంది. రీస్టార్ట్‌కు ఫాస్ట్ స్టార్టప్ వర్తించదు, అప్పుడు విండోస్ మొత్తం మూసుకుంటుంది. పేరు చూస్తే షట్‌డౌనే గట్టిది అనిపిస్తుంది, జరిగేది మాత్రం తలకిందులు.

పరిష్కారం: విండోస్ కంట్రోల్ ప్యానెల్, పవర్ ఆప్షన్స్, ఎడమ పక్క "చూజ్ వాట్ ద పవర్ బటన్స్ డూ". పైన "ఛేంజ్ సెట్టింగ్స్ దట్ ఆర్ కరెంట్లీ అన్‌అవైలబుల్" నొక్కితేగానీ కింది గడులు కదలవు. అప్పుడు "టర్న్ ఆన్ ఫాస్ట్ స్టార్టప్" దగ్గర టిక్ తీసి, సేవ్ చేసి, ఒకసారి షట్‌డౌన్ చెయ్యండి. ఇకనుంచి అది నిజం షట్‌డౌన్. సెట్టింగ్ మార్చడం ఇష్టం లేకపోతే షిఫ్ట్ నొక్కి పట్టుకుని షట్‌డౌన్ నొక్కినా ఆ ఒక్కసారికి పూర్తిగా ఆగుతుంది. కానీ రోజూ గుర్తుపెట్టుకుని షిఫ్ట్ నొక్కేవాళ్ళను నేను చూడలేదు.

టిక్ తీశాక కొన్నాళ్ళు బాగా నడిచి మళ్ళీ అదే సమస్య వస్తే ఆశ్చర్యపోకండి. విండోస్ పెద్ద అప్‌డేట్ వచ్చినప్పుడు మీరు తీసిన ఆ టిక్ మళ్ళీ దానంతట అదే వచ్చి చేరడం కద్దు. వెళ్ళి చూడండి. ఆ గడే కనిపించకపోతే మాత్రం హైబర్‌నేషన్ ముందే ఆపేసి ఉంది, మీ కారణం వేరే.

ఇంటర్నెట్‌లో దీనికి అడ్డదారి ఒకటి తిరుగుతుంది. విండోస్ డ్రైవ్‌లను సరిచేసే ఎన్‌టీఎఫ్‌ఎస్‌ఫిక్స్ కమాండు నడపండి, లేదంటే హైబర్‌నేషన్ ఫైల్ తీసేసే ఆప్షన్‌తో బలవంతంగా మౌంట్ చెయ్యండి అంటారు. మౌంట్ అవుతుంది, కాదనను. ఎన్‌టీఎఫ్‌ఎస్‌ఫిక్స్ పూర్తి స్థాయి డిస్క్ చెకింగ్ కాదు, చిన్నాచితకా తేడాలు సరిచేసి మిగతా పని విండోస్‌కు వదిలేస్తుంది. నాకు తెలిసిన ఒక ఫొటో స్టూడియోలో ఇలాగే బలవంతంగా మౌంట్ చేసి పెళ్ళి ఫొటోలు డి డ్రైవ్‌లో వేశారు. మర్నాడు విండోస్‌లో ఆ ఫోల్డర్ పేరుంది, లోపల సగం ఫైళ్ళు తెరుచుకోలేదు. కెమెరా కార్డు ఇంకా ఫార్మాట్ చెయ్యలేదు కాబట్టి పరువు దక్కింది. విండోస్ ఇక ఎప్పటికీ బూట్ కాదు అన్న స్థితిలో తప్ప ఆ దారి పట్టకండి.

డ్రైవ్ పాస్‌వర్డ్‌లాంటిది అడుగుతుంటే అది ఫాస్ట్ స్టార్టప్ కాదు, బిట్‌లాకర్, అంటే విండోస్ డ్రైవ్‌కు వేసే తాళం. 48 అంకెల రికవరీ కీ కావాలి, సాధారణంగా మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది. బయోస్‌లో ఏదైనా మార్చకముందే దాన్ని కాగితం మీద రాసిపెట్టుకోండి.

లక్షణం: నిన్న ఉన్న వైఫై ఇవాళ లేదు

మళ్ళీ అదే దొంగ, ఫాస్ట్ స్టార్టప్. దీన్ని కనిపెట్టక డ్రైవర్లు, కెర్నల్ మారుస్తూ రాత్రుళ్ళు గడిపినవాళ్ళు ఉన్నారు. విండోస్ పూర్తిగా మూసుకోకపోతే వైఫై కార్డును కూడా సగం నిద్రలో వదిలేస్తుంది. తర్వాత లేచిన లినక్స్ ఆ కార్డును సరిగా మొదలుపెట్టలేదు. ఇంటెల్ కార్డుల్లో ఇది బాగా తెలిసిన సమస్యే. గుర్తు ఏంటంటే, విండోస్ వాడి షట్‌డౌన్ చేసి వచ్చిన రోజు వైఫై ఉండదు, మింట్ నుంచి మింట్‌కే వచ్చిన రోజు ఉంటుంది. పరిష్కారం పైన చెప్పిందే.

మొదటి రోజు నుంచీ వైఫై లేకపోతే డ్రైవర్ లేదని అర్థం, బ్రాడ్‌కామ్ చిప్‌లతో ఎక్కువ. ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ పెట్టండి, నెట్ వస్తుంది. డ్రైవర్ మేనేజర్ తెరిచి అది చూపించింది వేసుకోండి.

లక్షణం: గడియారం సరిగ్గా ఐదున్నర గంటలు తేడా

మింట్ నుంచి విండోస్‌లోకి వెళ్తే టైమ్ 5:30 గంటలు వెనక్కి పోయి ఉంటుంది. మదర్‌బోర్డ్ గడియారంలో లినక్స్ యూటీసీ (ప్రపంచ ప్రామాణిక) సమయం పెడుతుంది, విండోస్ దాన్నే మన స్థానిక సమయం అనుకుంటుంది. మదర్‌బోర్డ్ మీది సీమాస్ బ్యాటరీ మార్పించకండి, డబ్బు దండగ. మింట్ టెర్మినల్‌లో timedatectl set-local-rtc 1 అని కొడితే లినక్స్ కూడా ఆ గడియారాన్ని స్థానిక సమయంగా చూస్తుంది.

లక్షణం: ఇన్‌స్టాలర్‌కు హార్డ్ డిస్కే కనపడదు

బయోస్‌లో స్టోరేజ్ మోడ్ రెయిడ్ అనో, ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ అనో ఉంటుంది. దాన్ని ఏహెచ్‌సీఐ (AHCI) అనే మోడ్‌కు మార్చాలి. నేరుగా మారిస్తే విండోస్ నీలం తెర చూపిస్తుంది. ముందు విండోస్‌లో ఎంఎస్‌కాన్ఫిగ్ (msconfig) తెరిచి సేఫ్ బూట్ పెట్టి, రీస్టార్ట్‌లో బయోస్‌కి వెళ్ళి మోడ్ మార్చి, సేఫ్ మోడ్‌లో ఒకసారి విండోస్ తెరిచాక సేఫ్ బూట్ తీసెయ్యండి.

లక్షణం: ఎన్‌విడియా డ్రైవర్ వేశాను, పనిచెయ్యట్లేదు

సంతకం లేని డ్రైవర్లను ఆపే సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే డ్రైవర్ వేసేటప్పుడు ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. రీస్టార్ట్ అయ్యాక నీలం తెర మీద "ఎన్‌రోల్ మోక్" (Enroll MOK) అని వస్తుంది, అక్కడ అదే పాస్‌వర్డ్ కొట్టాలి. అందరూ కంగారులో కంటిన్యూ నొక్కేస్తారు. డ్రైవర్ తీసి మళ్ళీ వేసి, ఈసారి ఆ తెరను చదవండి.

లక్షణం: థీమ్‌లు, ఆప్లెట్లు మార్చాక సినమన్ క్రాష్

ఆప్లెట్లంటే ప్యానెల్ మీద ఉండే చిన్న ప్రోగ్రాములు. బయటి ఆప్లెట్ ఏదో పాతబడి ఉంటుంది. చివరగా వేసినదాన్ని తీసెయ్యండి. ఏది వేశారో గుర్తులేకపోతే ప్యానెల్ మీద రైట్ క్లిక్, ట్రబుల్‌షూట్, అక్కడ సెట్టింగులన్నీ డిఫాల్ట్‌కు తెచ్చే ఆప్షన్ ఉంది. మీ అలంకారాలు పోతాయి, ఫైళ్ళు పోవు.

అను ఫాంట్లతో చేసిన పాత డీటీపీ ఫైళ్ళు మింట్‌లో పిచ్చి అక్షరాలుగా కనిపిస్తున్నాయా? అవి యూనికోడ్, అంటే ఏ కంప్యూటర్లోనైనా ఒకేలా చదివే అక్షర పద్ధతి, కాదు. ఆ ఫాంట్ లేని విండోస్‌లోనూ అలాగే కనిపిస్తాయి, మింట్‌ను సరిచెయ్యడానికేమీ లేదు. తెలుగు టైపింగ్‌కైతే కీబోర్డ్ లేఅవుట్లలో తెలుగు చేర్చుకోండి, ఇన్‌స్క్రిప్ట్ అనే ప్రామాణిక కీబోర్డ్ వస్తుంది. ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టే అలవాటుంటే ఐబస్ (ibus) అనే టైపింగ్ ప్రోగ్రాముతోపాటు దాని ఎం17ఎన్ (m17n) భాగం వేసుకోండి.

ర్యామ్ పాడవడం, డిస్క్ చావడం లాంటివి అరుదు. పెన్‌డ్రైవ్ నుంచి నడిపేటప్పుడే ఆగిపోతుంటే డౌన్‌లోడ్ చేసిన ఐఎస్‌ఓ ఫైల్ చెడిపోలేదని చెక్‌సమ్‌తో సరిచూసి, ఇంకో పెన్‌డ్రైవ్‌తో ప్రయత్నించండి.