అమెరికాలో మీ వ్యాపారం ఏ రాష్ట్రానికి, ఏ ఊరికి పన్ను కట్టాలో తేల్చుకోవడం ఎలా?

అమెరికాలో చిన్న కంపెనీ నడిపేవాళ్లకు ఐఆర్ఎస్ (కేంద్ర, అంటే ఫెడరల్ ప్రభుత్వ పన్నుల శాఖ) అంటే భయం ఉంటుంది. మార్చి వచ్చేసరికి కాగితాలన్నీ సీపీఏ (లైసెన్సు ఉన్న అకౌంటెంట్) చేతిలో పెట్టేస్తారు. రాష్ట్రాల పన్నుల సంగతి మాత్రం ఎక్కడి నుంచో ఒక నోటీసు వచ్చేదాకా చాలామందికి గుర్తుకే రాదు. నన్నడిగితే చిన్న వ్యాపారాన్ని ఎక్కువగా దెబ్బతీసేది ఇదే. ఫెడరల్ ఆదాయపు పన్ను లాభం మీద ఉంటుంది కాబట్టి లాభం లేని ఏడాది ఆ బరువూ ఉండదు. సేల్స్ ట్యాక్స్ అలా కాదు. కస్టమర్ దగ్గర వసూలు చేయాల్సింది మీరు చేయకపోతే, నష్టాల్లో ఉన్నా సరే, ఆ డబ్బు మీ జేబులోంచే కట్టాలి.

ఒకప్పుడు ఇంత గొడవ లేదు. ఒక రాష్ట్రంలో ఆఫీసో, గోడౌనో, మనిషో ఉంటేనే ఆ రాష్ట్రం మిమ్మల్ని సేల్స్ ట్యాక్స్ వసూలు చేయమని అడగాలని 1992లో క్విల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2018 జూన్ 21న సౌత్ డకోటా వర్సెస్ వేఫెయిర్ కేసులో ఆ మాట మారిపోయింది. అమ్మకాలు ఒక స్థాయి దాటితే చాలు, అక్కడ కాలు పెట్టకపోయినా పన్ను వసూలు చేసి కట్టాలి. సేల్స్ ట్యాక్స్ ఉన్న రాష్ట్రాలన్నీ ఒక్కొక్కటిగా ఈ దారి పట్టాయి. చివరిది మిస్సోరి, 2023 జనవరిలో.

కాబట్టి "నా రాష్ట్రంలో రేటు ఎంత?" అన్న ప్రశ్నతో మొదలుపెట్టకండి. "ఏయే రాష్ట్రాలకు నన్ను అడిగే హక్కు ఉంది?" అన్నది ముందు తేలాలి. ఆ హక్కునిచ్చే సంబంధాన్నే నెక్సస్ అంటారు. కింది పనులు ఇదే వరసలో చేయండి. వరస తప్పితే, ముఖ్యంగా నాలుగో అడుగు దగ్గర, చాలా డబ్బు పోతుంది.

1. ముందు పట్టిక తయారు చేయండి

ఒక ఎక్సెల్ షీట్ తెరిచి, ఒక్కో రాష్ట్రానికి ఒక్కో వరస ఇవ్వండి. గత 12 నెలల అమ్మకాలు, ఆర్డర్ల సంఖ్య, మీ సొంత వెబ్‌సైట్ నుంచి ఎంత, అమెజాన్ లాంటి మార్కెట్‌ప్లేస్ నుంచి ఎంత, అక్కడ ఉద్యోగి ఉన్నారా, సరుకు ఉందా, పని మీద ఎవరైనా వెళ్లి వస్తున్నారా అన్నవి నింపండి. ఇంట్లో కూర్చుని పనిచేసే ఉద్యోగి అయితే, ఆయన నిజంగా ఉంటున్న అడ్రస్ రాయండి. కంపెనీ రికార్డులో ఉన్న పాత అడ్రస్ కాదు.

అమెజాన్ గోడౌన్లలో సరుకు పెట్టి అమ్మేవాళ్లు ఒకటి గమనించాలి. మీ సరుకును ఏ రాష్ట్రంలో ఉంచాలో నిర్ణయించేది అమెజాన్. మీకు తెలియకుండానే ఐదారు రాష్ట్రాల్లో సరుకు ఉండొచ్చు. సరుకు, ఉద్యోగి, ఆఫీసు ఇలాంటివి ఉన్నచోట అమ్మకాల పరిమితితో సంబంధం లేకుండా సాధారణంగా నెక్సస్ వచ్చేస్తుంది. సెల్లర్ అకౌంట్‌లోని ఇన్వెంటరీ రిపోర్టులు దించుకుని చూడండి.

2. ఒక్కో రాష్ట్రం పరిమితితో పోల్చండి

చాలా రాష్ట్రాల్లో పరిమితి ఏడాదికి లక్ష డాలర్లు. కాలిఫోర్నియా, టెక్సస్‌లలో 5 లక్షలు. న్యూయార్క్‌లో 5 లక్షల డాలర్లతో పాటు 100కి పైగా అమ్మకాలు కూడా ఉండాలి, రెండూ దాటితేనే లెక్క. వేఫెయిర్ కేసులోని సౌత్ డకోటా చట్టంలో "లేదా 200 లావాదేవీలు" అనే షరతు ఉండేది. పదిహేను డాలర్ల వస్తువులు అమ్ముకునేవాళ్లను ఆ షరతే పట్టేసేది. ఇప్పుడు రాష్ట్రాలు దాన్ని వదిలేస్తున్నాయి. సౌత్ డకోటా తానే 2023 జులైలో తీసేసింది. తర్వాత నార్త్ కరోలినా 2024 జులైలో, యూటా 2025 జులైలో, ఇల్లినాయ్ 2026 జనవరిలో తీసేశాయి. అందుకే రెండేళ్ల నాటి చార్టు చూసి నిర్ణయం తీసుకోకండి, ఆ రాష్ట్ర రెవెన్యూ శాఖ సైట్‌లోనే చూడండి.

పరిమితిలోకి ఏ అమ్మకాలు వస్తాయన్నది ఇంకో చిక్కు. టెక్సస్ పన్ను పడనివాటిని కూడా కలిపి మొత్తం రాబడిని చూస్తుంది. ఫ్లోరిడా పన్ను పడే అమ్మకాలనే చూస్తుంది. మార్కెట్‌ప్లేస్ ద్వారా జరిగిన అమ్మకాలపై పన్నును ఆ మార్కెట్‌ప్లేసే కడుతుంది, కానీ మీ పరిమితి లెక్కలో కొన్ని రాష్ట్రాలు వాటినీ కలుపుతాయి.

అలాస్కా, డెలావేర్, మోంటానా, న్యూ హాంప్‌షైర్, ఆరెగాన్‌లకు రాష్ట్రస్థాయి సేల్స్ ట్యాక్స్ లేదు. అలాస్కాలో మాత్రం ఊళ్లు వేస్తాయి.

3. మీరు అమ్మేదానికి పన్ను పడుతుందా చూడండి

సేవలకు సేల్స్ ట్యాక్స్ ఉండదులే అనే ధీమా మన ఐటీ కన్సల్టింగ్ కంపెనీల్లో బాగా ఉంది. ఆ ధీమాకు కాలం చెల్లుతోంది. మేరీల్యాండ్ 2025 జులై 1 నుంచి ఐటీ, డేటా సేవలపై 3 శాతం సేల్స్ ట్యాక్స్ వేస్తోంది. వాషింగ్టన్ రాష్ట్రం 2025 అక్టోబర్ 1 నుంచి ఐటీ సేవలు, కస్టమ్ వెబ్‌సైట్ తయారీ, ప్రకటనల సేవలు, తాత్కాలిక సిబ్బందిని సమకూర్చే స్టాఫింగ్ సేవలను కూడా సేల్స్ ట్యాక్స్ కిందికి తెచ్చింది. టెక్సస్‌లో డేటా ప్రాసెసింగ్ సేవకు ఎప్పటినుంచో పన్ను ఉంది. బిల్లులో 20 శాతానికి మినహాయింపు పోను మిగతా 80 శాతం మీద లెక్క కడతారు. చికాగో నగరం క్లౌడ్ సాఫ్ట్‌వేర్ వాడకంపై వేసే లీజు పన్నును 2025 మొదట్లో 9 నుంచి 11 శాతానికి, 2026 మొదట్లో 15 శాతానికి పెంచింది.

ఎందుకిలా అంటే కారణం తేలికే. జనం ఖర్చు వస్తువుల నుంచి సేవల వైపు జరిగింది, రాష్ట్రాల బడ్జెట్లు ఇంకా వస్తువుల మీద పన్నునే నమ్ముకున్నాయి. ఇంకొన్ని రాష్ట్రాలు ఇదే బాట పడతాయని నేను అనుకుంటున్నాను.

మీరు చేయాల్సిందల్లా, ఇన్‌వాయిస్‌లో మీరు రాసే ప్రతి లైనునూ విడిగా చూసుకోవడం. లైసెన్సు, ఇన్‌స్టలేషన్, ట్రైనింగ్, సపోర్టు అన్నీ ఒకే మొత్తంగా బిల్ చేస్తే, పన్ను పడని భాగానికి కూడా పన్ను పడే ప్రమాదం ఉంది. విడదీసి రాయండి.

4. పరిమితి ఎప్పుడో దాటేసి ఉంటే, వెంటనే రిజిస్టర్ చేయకండి

ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. టెన్షన్‌లో ఆ రాత్రే ఆన్‌లైన్‌లో రిజిస్ట్రేషన్ పూర్తి చేసేస్తారు. ఇకనుంచి సక్రమంగా కడుతున్నాం కదా అనుకుంటారు. కానీ ఆ ఫారంలోనే "ఈ రాష్ట్రంలో ఎప్పటినుంచి వ్యాపారం చేస్తున్నారు?" అనే ప్రశ్న ఉంటుంది. నిజం రాస్తే పాత బాకీలన్నీ బయటికొస్తాయి, అబద్ధం రాస్తే అది ఇంకా పెద్ద తప్పు.

దీనికి సరైన దారి వాలంటరీ డిస్‌క్లోజర్ ఒప్పందం. అంటే పాత బాకీ సంగతి మీరే ముందుకొచ్చి చెప్పి తేల్చుకోవడం. పేరు చెప్పకుండానే, ప్రతినిధి ద్వారా రాష్ట్రంతో మాట్లాడొచ్చు. చాలా రాష్ట్రాలు మూడు నాలుగేళ్ల వెనక్కి మాత్రమే వెళ్లి, జరిమానా మాఫీ చేసి, పన్నూ వడ్డీ తీసుకుంటాయి. రిటర్నే దాఖలు చేయని ఏళ్లకు కాలపరిమితి మొదలే కాదు కాబట్టి, ఈ ఒప్పందం లేకపోతే రాష్ట్రం మొదటి రోజు దాకా వెళ్లగలదు.

అంకెల్లో చూద్దాం. ఒక రాష్ట్రంలో 2019 నుంచి 2025 దాకా ఏటా 2 లక్షల డాలర్ల అమ్మకాలు, రేటు 8 శాతం అనుకోండి. ఏడాదికి 16 వేలు, ఏడేళ్లకు లక్షా 12 వేలు. దీనికి జరిమానా, వడ్డీ తోడవుతాయి. మూడేళ్లకు పరిమితం చేసే ఒప్పందం కుదిరితే 48 వేలు, దానిమీద వడ్డీ. తేడా 64 వేల డాలర్లు, జరిమానా కాక.

ఈ తలుపు రెండు సందర్భాల్లో సాధారణంగా మూసుకుపోతుంది. మీరు అప్పటికే రిజిస్టర్ చేసుకుని ఉన్నా, ఆ రాష్ట్రమే ముందు మిమ్మల్ని సంప్రదించినా. "మా రాష్ట్రంలో మీ కార్యకలాపాలు వివరించండి" అంటూ వచ్చే ప్రశ్నావళి కూడా సంప్రదించినట్టే. ఒకేసారి చాలా రాష్ట్రాలతో తేల్చుకోవాలంటే, రాష్ట్రాల ఉమ్మడి సంస్థ అయిన మల్టీస్టేట్ ట్యాక్స్ కమిషన్ ద్వారా ఒకే దరఖాస్తుతో వెళ్లొచ్చు. కస్టమర్ల దగ్గర పన్ను వసూలు చేసి కట్టకుండా ఉంచుకున్నవాళ్లకు ఈ వెసులుబాట్లు పెద్దగా వర్తించవు. ఈ ఒక్క అడుగుకైనా రాష్ట్ర పన్నుల్లో అనుభవం ఉన్న సీపీఏనో లాయర్‌నో పెట్టుకోండి. ఆ ఫీజు దండగ కాదు.

5. రిజిస్టర్ చేసి, వసూలు మొదలుపెట్టండి

24 రాష్ట్రాలు స్ట్రీమ్‌లైన్డ్ సేల్స్ ట్యాక్స్ ఒప్పందంలో ఉన్నాయి. వాటిలో ఒకే ఫారంతో, ఉచితంగా రిజిస్టర్ చేసుకోవచ్చు. పెద్ద రాష్ట్రాలైన కాలిఫోర్నియా, టెక్సస్, న్యూయార్క్, ఫ్లోరిడా అందులో లేవు. కొలరాడోలో చాలా ఊళ్లు తమ సేల్స్ ట్యాక్స్‌ను తామే చూసుకుంటాయి కాబట్టి అక్కడ జాగ్రత్త ఇంకాస్త ఎక్కువ కావాలి. బయటి రాష్ట్రంలోని కస్టమర్‌కు రేటు ఎక్కువగా డెలివరీ అడ్రస్‌ను బట్టి ఉంటుంది. జిప్ కోడ్ ఒక్కటి చూస్తే తప్పు రేటు పడొచ్చు, పూర్తి అడ్రస్ వాడే సాఫ్ట్‌వేర్ తీసుకోండి.

వసూలు చేసిన పన్ను మీది కాదు, ప్రభుత్వం తరఫున మీ దగ్గర ఉంచిన సొమ్ము. దాన్ని జీతాలకు వాడి తర్వాత కట్టలేకపోతే వ్యాపార అప్పులు యజమాని మీద పడకుండా ఎల్ఎల్‌సీ (పరిమిత బాధ్యత కంపెనీ) ఇచ్చే రక్షణ పనిచేయదు, ఆ డబ్బు బాధ్యత చూసే వ్యక్తి సొంతంగా కట్టాల్సి వస్తుంది. వేరే బ్యాంకు ఖాతా తెరిచి ప్రతివారం అందులోకి మార్చేయండి. తిరిగి అమ్ముకోవడానికి కొనేవాళ్ల దగ్గర రీసేల్ సర్టిఫికెట్ అమ్మకం రోజే తీసుకోండి. ఆడిట్‌లో అది లేకపోతే ఆ అమ్మకాన్ని పన్ను పడేదిగానే చూస్తారు.

6. ఆదాయం, రాబడి మీద పడే పన్నులను విడిగా చూడండి

సేల్స్ ట్యాక్స్ పని అయిపోతే అంతా అయిపోయినట్టు కాదు. వస్తువులు అమ్మేవాళ్లకు 1959 నాటి ఫెడరల్ చట్టం ఒకటి కొంత రక్షణ ఇస్తుంది. ఆర్డర్లు అడగడం తప్ప ఇంకేమీ చేయకపోతే ఆ రాష్ట్రం ఆదాయపు పన్ను వేయకూడదు. సేవలు అమ్మేవాళ్లకు ఇది లేదు, రాబడి మొత్తం మీద వేసే పన్నులకూ లేదు. వాషింగ్టన్‌లో బీ అండ్ ఓ పన్ను అలాంటిదే. ఆరెగాన్‌లో సేల్స్ ట్యాక్స్ లేకపోయినా, 10 లక్షల డాలర్లు దాటిన వ్యాపార రాబడిపై పన్ను ఉంది. ఒహాయోలో 2025 నుంచి మొదటి 60 లక్షల డాలర్లకు మినహాయింపు ఇచ్చారు.

టెక్సస్ ఫ్రాంచైజ్ ట్యాక్స్‌లో 2026, 2027 రిపోర్టులకు 26.5 లక్షల డాలర్ల లోపు రాబడికి పన్ను లేదు. కానీ కంపెనీ వివరాల రిపోర్టు మాత్రం పంపాల్సిందే. కాలిఫోర్నియాలో వ్యాపారం చేసే ఎల్ఎల్‌సీ లాభనష్టాలతో పని లేకుండా ఏటా 800 డాలర్లు కట్టాలి. "డెలావేర్‌లో పెట్టాం కాబట్టి పన్ను లేదు" అనే మాట నమ్మకండి. ఎల్ఎల్‌సీకి డెలావేర్‌లో ఏటా 300 డాలర్లు కడుతూనే, పని జరిగే రాష్ట్రంలో కూడా కట్టాలి.

7. ఉద్యోగి ఉన్న ఊరిని పట్టించుకోండి

టెక్సస్ కంపెనీకి పెన్సిల్వేనియాలో ఇంటి నుంచి పనిచేసే ఉద్యోగి ఒక్కరున్నారనుకోండి. రాష్ట్ర ఆదాయపు పన్ను కోత, నిరుద్యోగ బీమా ఖాతా తప్పవు. వాటితోపాటు ఆయన ఉండే ఊరికి వెళ్లే స్థానిక ఆదాయపు పన్ను కూడా జీతంలోంచి కోయాలి. ఆయన చేత నివాస ధ్రువీకరణ ఫారం నింపించి, ఊరి కోడ్ చూసి రేటు పట్టుకోవాలి. చాలా ఊళ్లలో ఏడాదికి 52 డాలర్ల దాకా ఇంకో చిన్న పన్ను ఉంటుంది. ఒహాయోలోనూ ఊళ్ల ఆదాయపు పన్నులున్నాయి. న్యూయార్క్ కంపెనీ ఉద్యోగి సొంత వెసులుబాటు కోసం వేరే రాష్ట్రంలో ఇంట్లో కూర్చుని పనిచేస్తే, ఆ జీతం మీద న్యూయార్క్ కూడా పన్ను అడుగుతుంది. కొత్తవాళ్లను చేర్చుకునే ముందే ఈ ఖర్చు లెక్కేసుకోండి.

8. నగరం, కౌంటీ

ఫిలడెల్ఫియాలో మొదటి లక్ష డాలర్ల రాబడికి ఉన్న వ్యాపార పన్ను మినహాయింపును 2025 పన్ను సంవత్సరం నుంచి ఎత్తేశారు. అక్కడ చిన్నగా పనిచేసుకునే ఫ్రీలాన్సర్లు కూడా ఇప్పుడు లెక్కలోకి వచ్చారు. న్యూయార్క్ నగరంలో కార్పొరేషన్ కాని వ్యాపారాలపై 4 శాతం పన్ను ఉంది. టెక్సస్‌లో వ్యాపార సామగ్రి మీద ఆస్తి పన్ను ఉంది. 2025 నవంబర్‌లో ఓటర్లు ఆమోదించాక దానికి మినహాయింపు 2,500 నుంచి 1,25,000 డాలర్లకు పెరిగింది. చిన్న షాపులకు ఇది నిజంగా పెద్ద ఊరట.

9. లాభం వచ్చే ఏడాదైతే, కంపెనీ స్థాయి పన్ను ఎంచుకోవడం గురించి అడగండి

పార్ట్‌నర్‌షిప్, ఎస్ కార్పొరేషన్ (రెండింటిలోనూ లాభం మీద పన్నును మామూలుగా యజమానులే తమ రిటర్న్‌లో కడతారు) యజమానులు రాష్ట్ర ఆదాయపు పన్నును కంపెనీ ద్వారానే కట్టి, ఫెడరల్ లెక్కలో ఖర్చుగా చూపే వీలు చాలా రాష్ట్రాల్లో ఉంది. వ్యక్తిగత రిటర్న్‌లో రాష్ట్ర, స్థానిక పన్నుల మినహాయింపుకు 2017 చట్టం 10 వేల డాలర్ల గరిష్ఠం పెట్టాక ఇది పుట్టింది, 2020లో ఐఆర్ఎస్ కూడా ఒప్పుకుంది. 2025 జులై 4 చట్టం ఆ గరిష్ఠాన్ని 40 వేలకు పెంచినా, ఆదాయం 5 లక్షలు దాటినవాళ్లకు అది తగ్గుతూ పోతుంది. ఈ దారిని మాత్రం ఆ చట్టం మూయలేదు. గడువులు రాష్ట్రాన్ని బట్టి మారతాయి. న్యూయార్క్‌లో అదే ఏడాదిలోనే ఎంచుకోవాలి. రిటర్న్ వేసేటప్పుడు చూసుకుందామనుకుంటే ఆ ఏడాదికి అవకాశం పోయినట్టే.

మొదటి పట్టికను మూడు నెలలకోసారి మళ్లీ నింపండి. రిజిస్టర్ చేసిన రాష్ట్రంలో ఆ కాలంలో ఒక్క అమ్మకం లేకపోయినా సున్నా రిటర్న్ పంపాలి, పంపకపోతే ఆలస్యపు జరిమానా లేదా అంచనా డిమాండ్ నోటీసు రావచ్చు. ఒక రాష్ట్రంలో వ్యాపారం పూర్తిగా మానేస్తే, నెక్సస్ ఎంతకాలం కొనసాగుతుందో కనుక్కుని, చివరి రిటర్న్ వేసి, ఖాతా మూసినట్టు రాతపూర్వకంగా తెప్పించుకుని భద్రపరచండి.